ఇల్లు చూడటానికి వస్తున్నారట

(తూర్పు లండన్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం, సోషల్ హౌసింగ్‌లో (తక్కువ అద్దెకి దొరికే కౌన్సిల్ లేదా సేవా సంస్థల ఇళ్లలో) ఉంటున్న ఒక తల్లి చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్లు ముందు వరసలో కూర్చోండి, వెనక హీటర్ పనిచేయడం లేదట.

మనవాళ్లు ఎక్కడ కలిసినా మొదట అడిగేది "ఎక్కడుంటున్నారు?" అని. వెంటనే రెండోది "కొన్నారా, అద్దెనా?" అని. ఆ రెండో ప్రశ్నకి నేను చాలా ఏళ్లు "అద్దె" అని ఒక్క ముక్క చెప్పి మాట మార్చేసేదాన్ని. హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాట్ అని చెప్పాలంటే గొంతు పెగిలేది కాదు. ఈ రోజు మైకు పట్టుకుని చెప్తున్నాను. 2015 నుంచి నేనూ నా ఇద్దరు పిల్లలూ సోషల్ హౌసింగ్‌లో ఉంటున్నాం. ఇంగ్లండ్‌లో సుమారు 40 లక్షల కుటుంబాలు ఇలాంటి ఇళ్లలోనే ఉంటున్నాయి, కొన్ని కౌన్సిల్‌వి, అంటే స్థానిక ప్రభుత్వానివి, కొన్ని హౌసింగ్ అసోసియేషన్లవి, అంటే లాభం చూసుకోని సంస్థలవి. మనవాళ్లలో ఎక్కువమంది వర్క్ వీసాల మీద వస్తారు కాబట్టి వాళ్లకి ఈ ఇళ్లు దొరకవు. ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చినవాళ్లు, పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భర్త పోయిన ఆడవాళ్లు, ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక పిల్లల్ని తీసుకుని బయటికొచ్చినవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు, ఇలాంటివాళ్లం ఉంటాం. ఉంటాం కానీ చెప్పుకోం. చెప్పుకోం కాబట్టి ఒకరి భయం ఇంకొకరికి తెలియదు.

నేను మాట్లాడాలనుకున్నది ఆ భయం గురించే. ఇంటికి లెటర్ వస్తుంది. "ఫలానా తేదీన ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 మధ్య మా మనిషి మీ ఇల్లు చూడటానికి వస్తాడు" అని. అంతే. కొంతమంది దాన్ని ఫ్రిజ్ మీద అంటించి మర్చిపోతారు. నాలాంటివాళ్లకి ఆ క్షణం నుంచి అన్నం సహించదు. నాకు అరచేతులు చెమటలు పట్టేవి. రాత్రి 2 గంటలకి లేచి స్టవ్ వెనక గోడ తోమేదాన్ని. పోపు వాసన పోవాలని వారం ముందు నుంచే ఇంగువ వేయడం మానేసేదాన్ని. తలుపు దగ్గర ఎవరైనా గట్టిగా కొడితే పాప కంటే ముందు నేనే ఉలిక్కిపడేదాన్ని.

ఈ భయం లండన్‌లో పుట్టింది కాదు. మా ఊరు తెనాలి. చిన్నప్పుడు అద్దె ఇంట్లో ఉండేవాళ్లం, పైన ఓనరుగారు ఉండేవారు. గోడకి మేకు కొట్టాలంటే ఆయన్ని అడగాలి. చుట్టాలు రెండు రోజులు ఎక్కువ ఉంటే మోటారు ఆగిపోయేది. ఇల్లు అద్దెకి ఇచ్చే ముందు "మీరేమిట్లు?" అని అడిగే ఊళ్లే మనవి. "ఓనరుగారు దిగుతున్నారు" అని నాన్న అనగానే అమ్మ చాపలు చుట్టేసి, కూర గిన్నె మీద మూత పెట్టేసి, మమ్మల్ని చదువుకుంటున్నట్టు కూర్చోబెట్టేది. ఇల్లంటే మనది కాదు, ఆయన దయ అని నా ఒంట్లోకి అప్పుడే ఎక్కింది. ఇక్కడికి వచ్చాక, పెళ్లయిన కొత్తలో మేము అద్దెకున్న ఇంటి ఓనరు తన తాళం చెవితో తలుపు తీసుకుని నేరుగా లోపలికి వచ్చేవాడు. ఒకసారి నేను తల స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని ఉన్నాను. మా ఆయన పోయాక ఏడాదిన్నర పిల్లలతో ఒకే గదిలో, ఇల్లు లేనివాళ్లకి కొన్నాళ్లకని ఇచ్చే టెంపరరీ అకామడేషన్‌లో ఉన్నాం. అక్కడ స్టాఫ్ ఎప్పుడు పడితే అప్పుడు తలుపు కొట్టేవాళ్లు. ఇన్ని దాటి నా పేరు మీద ఒక ఫ్లాట్ వచ్చింది. వచ్చింది గనక పోతుందేమోనని భయం. ఎవరో ఒకరు వచ్చి, ఇల్లు చూసి, "ఈవిడకి ఈ ఇల్లు ఎందుకు ఇచ్చారు?" అని రాసుకుని వెళ్తారని భయం.

2019 నవంబర్‌లో అలాంటి లెటర్ వచ్చింది. దాని మీద "స్టాక్ కండిషన్ సర్వే" అని ఉంది. అదేమిటో నాకు తెలియదు, అడగాలని కూడా తోచలేదు. అప్పటికి మా బాబు గదిలో, కిటికీ పక్క మూల, పైకప్పు దగ్గర నల్లగా బూజు పట్టి ఉంది. చెయ్యి పెడితే గోడ చల్లగా చెమ్మగా తగిలేది. నేనేం చేశానో తెలుసా? నా ఇల్లు మురికిగా ఉందనుకుంటారని, ముందు రోజు బ్లీచ్ పెట్టి తుడిచి, దుకాణం నుంచి చిన్న డబ్బా తెల్ల పెయింట్ తెచ్చి, కుర్చీ ఎక్కి రాత్రంతా ఆ మూల పెయింట్ వేశాను. తెల్లారేసరికి గోడ కొత్త గోడలా ఉంది.

ఇంకోటి కూడా చేశాను. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. అప్పుడు అమ్మ విజిటర్ వీసా మీద తెనాలి నుంచి వచ్చి నా దగ్గరే ఉంది. ఇంట్లో ఇంకో మనిషిని చూస్తే గది ఎవరికో అద్దెకిచ్చానని అనుకుంటారేమోనని, అమ్మకి రెండు స్వెట్టర్లు వేసి, ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చి, ఎదురుగా పార్కులో బెంచీ మీద కూర్చోబెట్టాను. మోకాళ్ల నొప్పులున్న మనిషి. మూడు గంటలు కూర్చుంది. "ఎందుకమ్మాయ్?" అని ఒక్కసారి కూడా అడగలేదు. తెనాలిలో చాపలు చుట్టిన మనిషి కదా, తనకి చెప్పక్కర్లేదు.

సర్వేయర్ వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు, చేతిలో ట్యాబ్లెట్. బూట్లకి కవర్లు తొడుక్కున్నాడు. వంటగది ఎప్పుడు వేసింది, బాత్రూమ్ ఎప్పటిది, కిటికీలు డబుల్ గ్లేజింగా, బాయిలర్ ఏ రకం, ఇవి చూసుకుని పావుగంటలో వెళ్లిపోయాడు. నా స్టవ్ వెనక గోడ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేను తొమ్మిదేళ్ల పాపని పక్కన నిలబెట్టుకున్నాను, టెన్షన్‌లో నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి. పాప బడి మానేసి నాకు దుబాసీ పని చేసింది. మీలో ఎవరైనా పిల్లల చేత ఆ పని చేయిస్తుంటే దయచేసి మానండి. ఇంటర్‌ప్రెటర్ కావాలని మీ హౌసింగ్ ఆఫీసుని అడగండి, చాలాచోట్ల ఫోన్ మీద ఏర్పాటు చేస్తారు. ఇల్లు పోతుందేమోనన్న అమ్మ భయం ఆ వయసు పిల్ల మొయ్యాల్సింది కాదు.

ఆ సర్వే అంటే ఏమిటో తర్వాత తెలుసుకున్నాను. ఇక్కడ డీసెంట్ హోమ్స్ స్టాండర్డ్ అని ఒకటుంది. వంటగది 20 ఏళ్లు దాటిందా, బాత్రూమ్ 30 ఏళ్లు దాటిందా, ఇంట్లో ప్రమాదాలు ఏమైనా ఉన్నాయా, ఇలాంటివి అందులో లెక్క. ఏ ఇళ్లకి ఎప్పుడు ఎంత ఖర్చు పెట్టాలో తేల్చుకోవడానికి ఆ సర్వే. అంటే ఆ కుర్రాడు వచ్చింది వాళ్ల ఆస్తికి జబ్బేమైనా ఉందా అని చూడటానికి. నేనేమో ఆ జబ్బుకి తెల్ల పెయింట్ వేసి దాచాను.

ఆ చలికాలం నుంచే బాబుకి దగ్గు మొదలైంది. రాత్రి పిల్లికూతలు. జీపీ, అంటే మా పేట డాక్టరు, ఇన్‌హేలర్ ఇచ్చారు. వసంతం వచ్చేసరికి నా పెయింట్ కిందనుంచి బూజు మళ్లీ బయటికొచ్చింది, ఈసారి ఇంకా పెద్దగా. నేను మళ్లీ తుడిచాను. అలా మూడు చలికాలాలు తుడుస్తూనే ఉన్నాను. ఫోన్ చేసి చెప్పాలంటే భయం: "మీ ఇల్లు చూడటానికి వస్తాం" అంటారు కదా మరి.

2022 నవంబర్‌లో ఒక రోజు టీవీలో వార్త. రోచ్‌డేల్ అనే ఊళ్లో ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు. సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం, ఒక చిన్న సోషల్ హౌసింగ్ ఫ్లాట్. ఆ బాబు 2020 డిసెంబర్‌లో చనిపోయాడు. ఇంట్లో బూజు చాలాకాలం పీల్చడం వల్లే ఊపిరి జబ్బు వచ్చి పోయాడని, మరణాల కారణం విచారించే అధికారి కరోనర్ తేల్చారు. వాళ్ల నాన్న 2017లోనే చెప్పాడట. దాని మీద పెయింట్ వేసుకోమన్నారట. ఆ కుటుంబం బతికే పద్ధతి వల్లే బూజు వస్తోందని అనుకున్నారట.

పెయింట్ అన్న మాట వినగానే నా చేతులు చల్లబడిపోయాయి. ఆ తండ్రికి ఇంకొకరు చెప్పారు పెయింట్ వేసుకోమని. నాకు ఎవరూ చెప్పలేదు, నా సిగ్గే చెప్పింది. ఆ రాత్రి బాబు పక్కన కూర్చుని వాడి ఊపిరి లెక్కపెట్టాను.

మర్నాడు కింద ఫ్లాట్‌లో ఉండే సిల్హెట్ (బంగ్లాదేశ్) అక్క దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఈ దేశంలో ముప్పై ఏళ్లుగా ఉంటోంది. గోడ చూసి, "తుడవకు. ముందు ఫొటో తియ్యి" అంది. ఆ ఒక్క మాట నాకు ఎవరైనా మూడేళ్ల ముందు చెప్పి ఉంటే! ఇద్దరం కూర్చుని ఆఫీసుకి ఈమెయిల్ రాశాం. వాళ్ల నుంచి జవాబు వచ్చింది: 2019 సర్వేలో మీ ఇంట్లో చెమ్మ ఏమీ కనపడలేదు, కిటికీలు తెరవండి, మూతలు పెట్టి వండండి అని.

నా గురించి మీ దగ్గరున్న కాగితాలన్నీ ఇవ్వండి అని అడిగే హక్కు మనకుంది. దాన్ని సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ అంటారు. మామూలుగా ఒక నెలలో ఇవ్వాలి, డబ్బు కట్టక్కర్లేదు. సిల్హెట్ అక్క కూతురు చెప్తే అడిగాను. వచ్చాయి. 2019 నవంబర్ నాటి పేజీలో ఆ కుర్రాడు రాసింది రెండే ముక్కలు. ఇల్లు శుభ్రంగా ఉంది. చెమ్మ లేదు.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. మెప్పు కోసం రాత్రంతా కుర్చీ మీద నిలబడి పెయింట్ వేశాను, మెప్పు వచ్చింది. దానికి నా కొడుకు మూడు చలికాలాలు దగ్గాడు.

తర్వాత ఫార్మల్ కంప్లైంట్ పెట్టాం. డ్యాంప్ చూసే సర్వేయర్ ఇంకొకాయన వచ్చాడు, పెద్దాయన. గోడకి మీటరు పెట్టి చూశాడు, తర్వాత బయటికి వెళ్లి తలెత్తి చూశాడు. పైకప్పు అంచున వాననీళ్లు పోయే గొట్టం ఆకులతో పూడిపోయి, నీళ్లన్నీ మా వెనక గోడ మీదకే కారుతున్నాయి. బాత్రూమ్ ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి బయటికి లాగడం లేదు. నా పప్పు కుక్కరూ, నా ఇడ్లీ ఆవిరీ కాదు. వండేటప్పుడు మూత పెట్టాలి, కిటికీ కాసేపు తెరవాలి, తడి బట్టలు గదిలో ఆరేస్తే చెమ్మ పెరుగుతుంది, ఇవన్నీ నిజమే, చెయ్యాల్సిందే. కానీ ఆవిరి ప్రతి ఇంట్లో ఉంటుంది, ఒక గోడకే, ఒక మూలలోనే బూజు పడుతోందంటే ఆ గోడని చూడాలి. అద్దెదారుల ఫిర్యాదులు విచారించే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ కూడా 2021లో ఇదే చెప్పింది, బూజు వస్తే అద్దెదారుడి జీవన పద్ధతి మీదకి నెట్టేయొద్దని.

ఇప్పుడు చట్టం కూడా మారింది. ఆ బాబు పేరు మీదే ఆవాబ్స్ లా అంటున్నారు. 2025 అక్టోబర్ 27 నుంచి ఇంగ్లండ్‌లోని సోషల్ ఇళ్లకి అమల్లో ఉంది. ప్రాణానికి వెంటనే ముప్పు ఉన్నదైతే 24 గంటల్లో చూసి సరిచేయాలి. చెమ్మ, బూజు వల్ల ఆరోగ్యానికి గట్టి ప్రమాదం ఉంటే మీరు చెప్పిన దగ్గర్నుంచి 10 పని దినాల్లో వచ్చి చూడాలి, చూడటం అయ్యాక 3 పని దినాల్లో ఏం కనపడిందో రాసి ఇవ్వాలి, 5 పని దినాల్లో ఇంటిని ప్రమాదం లేకుండా చెయ్యాలి. అలా చెయ్యలేకపోతే ఉండటానికి వేరేచోటు చూపించాలి. ఇంట్లో పసిపిల్లలున్నా, ఉబ్బసం ఉన్నవాళ్లున్నా ఆ మాట తప్పకుండా రాయండి, ప్రమాదం ఎంతన్నది లెక్కకట్టేటప్పుడు అది చూస్తారు. ఈ గడువుల లెక్క అంతా మీరు చెప్పడంతోనే మొదలవుతుంది. చెప్పకుండా తుడుచుకుంటే ఏ గడువూ మొదలవ్వదు.

కంప్లైంట్ సంగతి కూడా ఒక్క మాట. మొదటి దశలో అందిందని 5 పని దినాల్లో చెప్పాలి, ఆ తర్వాత 10 పని దినాల్లో జవాబివ్వాలి. నచ్చకపోతే రెండో దశ, దానికి 20. అదీ కుదరకపోతే ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఖర్చు లేదు.

సరే, అసలు లెటర్ వచ్చిన రోజు ఏం చెయ్యాలో చెప్తాను. నేను ఇప్పుడు చేసేది చెప్తాను.

మొదట ఎందుకు వస్తున్నారో చూస్తాను. రాసి లేకపోతే ఈమెయిల్ పెట్టి అడుగుతాను. భయం సగం ఇక్కడే తగ్గుతుంది, ఎందుకంటే ఒక్కొక్కరు చూసేది ఒక్కొక్కటి. గ్యాస్ మనిషి ఏడాదికోసారి వస్తాడు, చట్టం ప్రకారం రావాల్సిందే. బాయిలర్, దాని పొగగొట్టం, గ్యాస్ పైపు చూసి కాగితం ఇస్తాడు. ఆ మనిషికి మీ బీరువాతో పని లేదు. దీపం పెట్టి ఉంటే కాసేపు కొండెక్కించండి, బాయిలర్ ముందు బియ్యం బస్తాలుంటే జరపండి, చాలు. ఈ ఒక్కదాన్ని మాత్రం పదే పదే ఎగ్గొట్టొద్దు. నాకు తెలిసిన ఒకావిడ భయంతో తలుపు తీయకుండా ఉండిపోతే కోర్టు దాకా వెళ్లింది, ఆ ఖర్చు కూడా ఆవిడ మీదే పడింది. కుదరకపోతే వేరే రోజు అడగండి, ఇస్తారు. ఎలక్ట్రికల్ చెక్ 5 ఏళ్లకోసారి, కాసేపు కరెంటు తీస్తారు. మేడ ఫ్లాట్లలో మన వీధి తలుపు మంటల్ని ఆపే తలుపు. 2017లో గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు లేచి 72 మంది చనిపోయాక ఈ తలుపుల మీద చూపు పెరిగింది. 11 మీటర్లు దాటిన భవనాల్లో ఏడాదికోసారి చూడాలని రూలు. అందుకని మామిడాకుల తోరణం కోసం ఆ తలుపుకి మేకులు కొట్టొద్దు, తలుపుని దానంతట అదే మూసే ఆ పైచెయ్యిని ఊడదీయొద్దు. తోరణం లోపలి గది గుమ్మానికి కట్టుకోండి, నేను అలాగే కడతాను. చెప్పుల స్టాండు కారిడార్‌లో పెట్టొద్దు.

ఇంకోటి టెనెన్సీ ఆడిట్. ఎవరి పేరు మీద ఇల్లు ఉందో వాళ్లే ఉంటున్నారా అని చూడటానికి వస్తారు. ఐడీ అడుగుతారు. ఇల్లు మొత్తం వేరేవాళ్లకి అద్దెకిచ్చి తాము ఇంకెక్కడో ఉండటం 2013 నుంచి నేరం కూడా, దాని కోసం ఈ చూడటం. అమ్మ వచ్చి కొన్నాళ్లు ఉండటం ఆ కిందకి రాదు. మీ అగ్రిమెంట్‌లో అతిథుల గురించి ఏం రాసి ఉందో చూసుకుని, ఎక్కువ రోజులు ఉండేటట్టయితే ముందుగా ఒక ఈమెయిల్ పెట్టేయండి. నేను ఆ ఈమెయిల్ పెట్టి ఉంటే అమ్మ ఆ బెంచీ మీద కూర్చునేది కాదు.

ఎప్పుడు రావచ్చన్న సంగతి. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం, 11వ సెక్షన్. ఇల్లు ఏ స్థితిలో ఉందో చూడాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, సరైన వేళలో రావాలి. గ్యాస్ లీకో, నీళ్లు కింద ఇంట్లోకి కారడమో, అలాంటి అత్యవసరం వేరు. మామూలు చూపులకి తమ తాళంతో తీసుకుని లోపలికి వచ్చేయడం కుదరదు, మీరు ఒప్పుకోకపోతే వాళ్లు కోర్టుకి వెళ్లాలి. అయితే నిజం చెప్పాలి, హాస్టల్‌లోనో టెంపరరీ అకామడేషన్‌లోనో ఉన్నవాళ్లకి ఇంత రక్షణ లేదు, అక్కడి కాగితం వేరు. మొదటి ఏడాది ట్రయల్ టెనెన్సీలో ఉన్నవాళ్లు కూడా కొంచెం జాగ్రత్తగా ఉండాలి. సెక్యూర్ లేదా అష్యూర్డ్ టెనెన్సీ, అంటే స్థిరమైన అద్దె హక్కు, ఉన్నవాళ్లని మాత్రం, ఇల్లు సర్దిలేదని ఎవరూ వెళ్లగొట్టలేరు. కారణం చూపించాలి, నోటీసు ఇవ్వాలి, జడ్జి ఒప్పుకోవాలి. ఇల్లు పాడుచేస్తే అది కారణం అవుతుంది, కానీ సింకులో నాలుగు గిన్నెలు ఉండటం ఇల్లు పాడుచేయడం కాదు. నేను ఈ వాక్యాన్ని కాగితం మీద రాసి వంటింటి అరలో లోపలివైపు అంటించుకున్నాను. అవసరమైన రోజున అర తెరిచి చదువుకుంటాను.

ఆందోళన జబ్బుగా ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. ఏడాదికి పైగా ఉండి రోజువారీ పనులకి గట్టిగా అడ్డం పడుతుంటే అది 2010 ఈక్వాలిటీ చట్టం కింద వైకల్యం లెక్కలోకి రావచ్చు. అప్పుడు కొన్ని సర్దుబాట్లు అడగొచ్చు. నేను అడిగినవి ఇవి: వచ్చే మనిషి పేరు ముందే చెప్పండి, ఐదు గంటల వ్యవధి కాకుండా రెండు గంటల్లో ఒక టైమ్ ఇవ్వండి, బయల్దేరేముందు మెసేజ్ చేయండి, కుదిరితే ఆడవాళ్లని పంపండి, నా స్నేహితురాలు పక్కన ఉంటుంది. ఐదింటిలో నాలుగు ఒప్పుకున్నారు. ఇప్పుడు నా ఫైల్ మీదే ఆ మాట రాసి ఉంది, ప్రతిసారీ చెప్పుకోనక్కర్లేదు.

మందుల సంగతి నేను చెప్పకూడదు. కానీ ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో టాకింగ్ థెరపీస్ అని ఉంది. ఇంగ్లండ్‌లో జీపీ దగ్గరికి వెళ్లకుండానే మనమే పేరు ఇచ్చుకోవచ్చు, డబ్బు లేదు. వెయిటింగ్ ఉంటుంది, ఓపిక పట్టాలి. అక్కడ ఒకామె నా చేత చిన్న పని చేయించింది. నోటుబుక్‌లో పేజీ మధ్యలో గీత గీసి, ఎవరైనా వచ్చే ముందు రాత్రి ఎడమవైపు ఏం జరుగుతుందని భయపడుతున్నానో రాయాలి. వచ్చి వెళ్లాక కుడివైపు జరిగింది రాయాలి. నా ఎడమవైపు పేజీల్లో "వాసన అంటారు", "పిల్లల్ని చూసి ఏదో రాసుకుంటారు", "ఖాళీ చేయమంటారు". కుడివైపు "బాయిలర్ ప్రెషర్ తక్కువ, పెంచాడు", "మంచినీళ్లు అడిగాడు", "రాలేదు, మళ్లీ డేట్ ఇస్తారట". ఒక్కొక్కసారి కుడివైపు కూడా చేదుగా ఉంటుంది. ఒకతను నా పూజ అలమర చూసి మొహం అదోలా పెట్టాడు, అదీ రాసుకున్నాను. కానీ ఎడమవైపు రాసింది కుడివైపు ఒక్కసారి కూడా రాలేదు.

వచ్చే రోజుకి ముందు తుడవడానికి రెండు గంటలే అని గడియారం పెట్టుకుంటాను. అలారం మోగితే బకెట్ కింద పెట్టేస్తాను. నగలు, పాస్‌పోర్టులు, మందులు ఒక సంచిలో వేసి బీరువాలో పెడతాను. కాగితం మీద నేను చెప్పదల్చినవి రాసుకుంటాను, కుళాయి కారడం, కిటికీ బిగుసుకోకపోవడం, ఏదైనా. తలుపు తీసే ముందు ఐడీ అడుగుతాను. గ్యాస్ మనిషైతే గ్యాస్ సేఫ్ గుర్తింపు కార్డు వెనకవైపు కూడా చూస్తాను, ఏ పనులకి అర్హత ఉందో అక్కడ ఉంటుంది. అనుమానం వస్తే వాళ్లిచ్చిన నంబరుకి కాకుండా నా పాత లెటర్ మీదున్న నంబరుకి ఫోన్ చేస్తాను. ఫొటోలు తీస్తుంటే ఎందుకని అడుగుతాను, గోడ తియ్యండి, పిల్లల ఫొటోలూ దేవుడి ఫొటోలూ పడకుండా తియ్యండి అంటాను. మొదటిసారి ఈ మాట అన్నప్పుడు నా గొంతు వణికింది. ఆయన "షూర్" అని పక్కకి జరిగాడు, అంతే.

వాళ్లు వెళ్లాక వచ్చే గంట ఒకటుంది, అది ఇంకా కష్టం. ఏమనుకున్నారో, ఎందుకలా చూశారో అని తలలో తిరుగుతూనే ఉంటుంది. ఆ గంటకి నేను ముందే సిల్హెట్ అక్కతో టీ పెట్టుకుంటాను. టీ తాగుతూ ఆఫీసుకి నాలుగు వాక్యాల ఈమెయిల్ కొడతాను: ఈ రోజు ఫలానా వారు వచ్చారు, నేను ఇవి చూపించాను, వారు ఇలా అన్నారు, నా దగ్గర ఫొటోలున్నాయి. ఇక వాళ్ల కాగితం ఒక్కటే సాక్ష్యం కాదు, నా కాగితమూ ఉంటుంది.

ఇంకో సంగతి, ఇది తెలిసిన రోజున నాకు చాలా ధైర్యం వచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి మన ల్యాండ్‌లార్డ్‌లకి కూడా ఇన్‌స్పెక్షన్ ఉంది. 1,000 ఇళ్లకి మించి ఉన్న సంస్థల్ని వాటి మీద నిఘా పెట్టే రెగ్యులేటర్ నాలుగేళ్లకోసారి వచ్చి చూస్తుంది, సీ1 (మంచిది) నుంచి సీ4 (అధ్వాన్నం) దాకా గ్రేడు ఇస్తుంది. ఇళ్ల స్థితి గురించి మీ దగ్గర సరైన లెక్కలున్నాయా అని అడుగుతుంది. ఆ లెక్కలు మన ఇళ్లకి వచ్చే ఆ ట్యాబ్లెట్‌లోంచే వెళ్తాయి. నేను ఆ రోజు పెయింట్ వేయడం వల్ల ఆ లెక్కలో ఒక తప్పు పడింది. నా ఇంటికే కాదు, అదే గొట్టం కింద ఉన్న మిగతా మూడు ఇళ్లకి కూడా.

బాబుకి ఇప్పుడు బాగానే ఉంది. ఇన్‌హేలర్ బ్యాగులో ఉంటుంది, రోజూ అవసరం పడటం లేదు. ఆ మూల గోడకి ప్లాస్టర్ కొట్టి కొత్తగా వేశారు.

అమ్మ పోయిన నెల మళ్లీ వచ్చింది. అదిగో, మూడో వరసలో, ఆకుపచ్చ శాలువాలో. వచ్చే గురువారం మా ఇంటికి ఎలక్ట్రికల్ చెక్ ఉంది. లెటర్ చదివి వినిపిస్తే, లేచి స్వెట్టర్ తీసుకుంటూ "నేనెంతసేపు బయట ఉండాలమ్మాయ్?" అంది. "ఎక్కడికీ వద్దమ్మా, నీ కుర్చీలో నువ్వు కూర్చో" అన్నాను. ఆఫీసుకి ఈమెయిల్ కూడా పెట్టాను, మా అమ్మ ఇంట్లో ఉంటుందని.

లెటర్లు తెచ్చుకున్నవాళ్లు టీ బల్ల దగ్గరికి రండి. విప్పకుండా దాచుకున్నవైనా సరే, తీసుకురండి. కలిసి విప్పి చదువుదాం.